ఇంటి కెమెరా లైవ్ ఆగి ఆగి వస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

యాప్ తెరిచి కెమెరా మీద నొక్కితే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ఎప్పటికో బొమ్మ వస్తుంది. వాకిట్లో నడుస్తున్న మనిషి రెండడుగులు వేసి అక్కడే నిలిచిపోతాడు, మళ్లీ కదిలేసరికి గేటు బయట ఉంటాడు. ఆ మధ్యలో ఏం జరిగిందో చూడటానికే కదా కెమెరా పెట్టుకున్నది!

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా కెమెరాను రీసెట్ చేస్తారు. నిజానికి అది ఆఖరున చేయాల్సిన పని. రీసెట్‌తో వైఫై వివరాలూ సెట్టింగులూ పోతాయి, వాటితోపాటు లోపం ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు కూడా పోతాయి. కొత్త రౌటర్ కొనడం, నెట్ ప్లాన్ పెంచడం కూడా ఇంతే. లోపం అక్కడ లేకపోతే డబ్బు పోతుంది, బొమ్మ మాత్రం ఆగుతూనే ఉంటుంది.

కెమెరా చూసింది మీ ఫోన్‌కు చేరాలంటే ఇన్ని చోట్లు దాటాలి: కెమెరాకు అందే కరెంటు, కెమెరా లోపలి సెట్టింగులు, కెమెరా నుంచి రౌటర్ వరకూ వైఫై లేదా కేబుల్, రౌటర్ నుంచి బయటికి వెళ్లే అప్‌లోడ్, కెమెరా కంపెనీ సర్వర్, చివరికి ఫోన్. మామూలుగా వీటిలో ఏదో ఒక్క చోటే తేడా ఉంటుంది. ఆ చోటేదో తేల్చుకున్నాకే మరమ్మతు మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఒకేసారి నాలుగు మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు, నెల తర్వాత మళ్లీ పాడైతే మొదటికే వస్తారు.

ముందు రెండు నిమిషాల పరీక్ష

1. ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి, రౌటర్ పక్కనే నిలబడి లైవ్ చూడండి.
2. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద అదే కెమెరా చూడండి.
3. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో అదే యాప్‌తో మళ్లీ చూడండి.

ఇంటి వైఫై మీద బాగా వచ్చి, మొబైల్ డేటా మీద ఆగుతుంటే కెమెరా, దాని వైఫై, కరెంటు బాగానే ఉన్నట్టు. తేడా అప్‌లోడ్‌లోనో, బయటి దారిలోనో ఉంది. రెండిట్లోనూ ఆగుతుంటే కెమెరా నుంచి రౌటర్ లోపే చూడాలి. ఒక ఫోన్‌లో వచ్చి ఇంకో ఫోన్‌లో రాకపోతే కెమెరాను అసలు ముట్టుకోకండి, ఫోన్ సంగతి చూడండి.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని కెమెరాలు, మీరు ఇంట్లోనే ఉన్నా, బొమ్మను ముందు కంపెనీ సర్వర్‌కు పంపి అక్కడి నుంచి మీ ఫోన్‌కు రప్పిస్తాయి. మీది అలాంటిదో కాదో తెలియాలంటే రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ తీగ ఒక్కటే తీసి, వైఫై అలాగే ఉంచి చూడండి. అప్పుడూ లైవ్ వస్తే బొమ్మ నేరుగా వస్తున్నట్టే. రాకపోతే ఆ యాప్ లాగిన్‌కో వీడియోకో సర్వర్ మీద ఆధారపడుతోంది. అలాంటి కెమెరాకు పై పరీక్ష పూర్తి జవాబు ఇవ్వదు, కింద చెప్పిన పింగ్ పరీక్ష (కెమెరాకు చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం) చేయాలి.

ఏ వేళలో ఆగుతోందో కూడా రెండు రోజులు కాగితం మీద రాసిపెట్టండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ సగం లోపాలు ఇక్కడే బయటపడతాయి. చీకటి పడగానే మొదలైతే కరెంటునో రాత్రి బిట్‌రేట్‌నో (వీడియో సెకనుకు పంపే డేటా) అనుమానించాలి. సాయంత్రం ఏడు నుంచి పదకొండు మధ్య అయితే ఇరుగుపొరుగు వైఫైల రద్దీ, లేదా నెట్ లైన్ మీద రద్దీ. వాన పడ్డాక అయితే బయటి జాక్‌లోకి నీళ్లు దిగి ఉంటాయి. కెమెరాలన్నీ ఒకేసారి ఆగితే రౌటరో నెట్టో కారణం, ఒక్కటే ఆగితే ఆ ఒక్క కెమెరా వైపే లోపం.

కరెంటు: ఎవరూ చూడని చోటు

దీపం వెలుగుతోంది కాబట్టి కరెంటు బాగానే ఉందనుకుంటాం. కెమెరా విషయంలో ఆ లెక్క పనిచేయదు. పగలు కెమెరా తక్కువ కరెంటు తీసుకుంటుంది. చీకటి పడి ఐఆర్ లైట్లు (కంటికి కనిపించని వెలుగిచ్చే రాత్రి లైట్లు) వెలగగానే రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లాగుతుంది. అడాప్టర్ బలహీనంగా ఉన్నా, తీగ సన్నగా పొడవుగా ఉన్నా, సరిగ్గా ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. యాప్‌లో మీకు కనిపించేది మాత్రం ‘ఆఫ్‌లైన్’ అన్న మాటే. అందుకని వైఫైని తిట్టుకుంటారు.

లెక్క చూడండి. మామూలు నెట్‌వర్క్ కేబుల్‌లోని ఒక్కో సన్న తీగకు మీటరుకు సుమారు 0.085 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. కెమెరా 30 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు వెళ్లి రావాలి కనుక 60 మీటర్లు, అంటే సుమారు 5 ఓమ్‌లు. పగలు కెమెరా 0.2 ఆంపియర్లు తీసుకుంటే తీగలోనే 1 వోల్టు పోతుంది, 12 వోల్టుల అడాప్టర్ నుంచి కెమెరాకు 11 చేరతాయి. ఏమీ కాదు. రాత్రి 0.5 ఆంపియర్లు లాగితే 2.5 వోల్టులు పోయి చేరేది 9.5 మాత్రమే. చాలా కెమెరాలు 12 వోల్టులకు పది శాతం అటూ ఇటూ మాత్రమే తట్టుకునేలా చేస్తారు, అంటే 10.8 కంటే తగ్గకూడదు.

దీన్ని పట్టుకోవడానికి రాత్రి దాకా ఆగక్కర్లేదు. పగలే కెమెరా ముఖాన్ని మందపాటి నల్లగుడ్డతో కప్పండి. కొన్ని సెకన్లలో లోపల ‘టిక్’ మని చిన్న శబ్దం వస్తుంది. లెన్స్ వెనకున్న ఫిల్టర్ పక్కకు జరిగి కెమెరా రాత్రి పద్ధతిలోకి మారిందని దాని అర్థం. అప్పుడు కెమెరా చివర మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి. అడాప్టర్ దగ్గర కొలిస్తే 12 చూపించవచ్చు, ఆ కొలత ఒక్కటే చాలదు. మీటర్ లేకపోతే చెవి పెట్టి వినండి. ఒక్క టిక్ వచ్చి ఊరుకుంటే మంచిదే. నిమిషానికోసారి టిక్ టిక్ మంటూ ఉంటే కెమెరా పదే పదే రీస్టార్ట్ అవుతోందన్నమాట.

బాగు చేయడానికి మూడు దారులున్నాయి. అన్నిటికంటే మంచిది అడాప్టర్‌ను కెమెరాకు దగ్గరగా తేవడం. అది కుదరకపోతే మందపాటి రాగి తీగ వేయండి. నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపుతున్నట్లయితే ఒక్కో తీగ మీద కాకుండా 4వ, 5వ నంబరు తీగలను కలిపి ప్లస్‌కు, 7వ, 8వ నంబరు తీగలను కలిపి మైనస్‌కు వాడండి, నష్టం సగానికి తగ్గుతుంది. వోల్టేజీ పడిపోతోందని 12 బదులు ఎక్కువ వోల్టుల అడాప్టర్ పెట్టే ప్రయోగం మాత్రం చేయకండి, పగలు భారం తక్కువున్నప్పుడు ఆ వోల్టేజీ అంతా కెమెరా మీదే పడుతుంది. ఆంపియర్లు ఎక్కువున్న అడాప్టర్ పెడితే ప్రమాదం లేదు, కెమెరా తనకు కావలసినంతే తీసుకుంటుంది.

యూఎస్‌బీ తీగతో నడిచే 5 వోల్టుల కెమెరాలకు ఈ బాధ ఇంకా ఎక్కువ. 5 వోల్టుల్లో ఒక్క వోల్టు పోయినా ఐదో వంతు పోయినట్టే. కెమెరాతో వచ్చిన అడాప్టర్, తీగ వాడండి. ఐదు మీటర్ల సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ, పాత ఫోన్ ఛార్జర్, టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు ఈ పనికి పనికిరావు.

పీఓఈ కెమెరాలైతే (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా అందుకునేవి) 48 వోల్టుల దగ్గర కరెంటు వెళుతుంది కనుక దూరంతో ఇంత నష్టం ఉండదు. అక్కడ చూడాల్సినవి వేరు. 802.3ఏఎఫ్ ప్రమాణంలో పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరా చివర 12.95 వాట్లు లెక్క. కానీ కెమెరా కేబుళ్లన్నీ కలిసే స్విచ్ పెట్టె మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది. 8 పోర్టులకు కలిపి 60 వాట్లిచ్చే స్విచ్‌కు, రాత్రి 9 వాట్లు లాగే కెమెరాలు 8 తగిలిస్తే 72 కావాలి. చీకటి పడగానే ఒకటో రెండో ఆరిపోతాయి. కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా దొరుకుతుంది, చూడ్డానికి తేడా తెలియదు. తీగ కొసను బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు బయటపడుతుంది. అలాంటిది కనిపిస్తే పొడవైన వరసలకు వాడకండి.

వైఫై: గీతలు కాదు, అంకె చూడండి

ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయని సంతోషించకండి. మీరున్న చోట ఫోన్‌కు అందే సిగ్నల్ అది. గోడ అవతల, ఇనుప గేటు పక్కన, చిన్న యాంటెన్నాతో ఉన్న కెమెరాకు అందేది వేరు. కెమెరా యాప్‌లో పరికరం వివరాల పేజీలో సిగ్నల్ బలం డీబీఎంలలో ఉంటుంది, లేదా రౌటర్ సెట్టింగుల పేజీలో కెమెరా పేరు పక్కన ఉంటుంది. అది మైనస్ అంకె, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే చాలా బాగుంది. మైనస్ 60 బాగుంది. లైవ్ వీడియోకు మైనస్ 67 దాకా ఫర్వాలేదు. మైనస్ 70 దాటితే బొమ్మ ఆగడం మొదలవుతుంది, మైనస్ 80 దగ్గర కనెక్షనే నిలవదు. ప్రతి 10 డీబీఎంలకు సిగ్నల్ శక్తి పదో వంతుకు పడిపోతుంది కనుక మైనస్ 65కూ మైనస్ 75కూ మధ్య తేడా చిన్నది కాదు.

సిగ్నలే కారణమా అన్నది తేల్చడానికి అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష కెమెరాను గోడ మీంచి దింపి, దాని అడాప్టర్‌తో సహా తెచ్చి, రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో పావుగంట నడపడం. అక్కడ బొమ్మ నిలకడగా వస్తే కెమెరా మంచిదే, చోటే బాగోలేదు. అక్కడా ఆగితే వైఫై వదిలేసి మిగతావి చూడండి. నిచ్చెన ఎక్కాలనే బద్ధకంతో ఈ పరీక్ష మానేసి వారాల తరబడి సెట్టింగులు మార్చేవాళ్లు చాలామంది ఉంటారు.

చోటే కారణమని తేలితే ముందు రౌటర్‌ను కదపండి. టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, నేల మీద ఉన్న రౌటర్‌ను నడుము ఎత్తుకు పైన, నలువైపులా ఖాళీగా ఉన్న చోటికి మార్చితే చాలాసార్లు అదే సరిపోతుంది. కాంక్రీటు గోడలోని ఇనుప చువ్వలు, పెద్ద అద్దాలు, నీళ్ల ట్యాంకు సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. కెమెరాను ఇనుప రేకుకు ఆనించి బిగించి ఉంటే ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి కొంచెం ముందుకు తెచ్చి చూడండి.

తర్వాత రౌటర్ సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్‌ను ‘ఆటో’ నుంచి తీసి 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి పెట్టండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఈ మూడే. 3, 4, 8 లాంటివి పెడితే రెండు వైపుల వాళ్లతోనూ గొడవే. వెడల్పు 40 కాకుండా 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. వేగం కొంత తగ్గినా నిలకడ వస్తుంది, కెమెరాకు కావలసింది అదే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే బ్యాండ్‌లో పనిచేస్తుంది. వంటింటి వైపు కెమెరా వంట వేళల్లోనే ఆగుతుంటే కారణం అదే కావచ్చు.

చాలా ఇంటి కెమెరాలకు 5 గిగాహెర్ట్జ్ ఉండదు. రెండు బ్యాండ్‌లకూ ఒకే పేరు పెట్టిన రౌటర్‌లో కొన్ని కెమెరాలు కలవడానికే తడబడతాయి, అలాంటప్పుడు 2.4కు విడిగా ఒక పేరు పెట్టండి. రౌటర్ భద్రత డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత కెమెరాలు కలవవు. డబ్ల్యూపీఏ2, లేదా రెండూ కలిసిన పద్ధతి ఎంచుకోండి. కెమెరాను గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) పెట్టి ఉంటే ఇంట్లోని ఫోన్ దాన్ని నేరుగా చేరలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఒక బలహీనమైన కెమెరా మిగతావాటినీ ఎలా కుంగదీస్తుందో తెలుసుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. వైఫైలో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. సిగ్నల్ బాగున్న కెమెరా తన వాటాను చిటికెలో పంపేసి తప్పుకుంటుంది. మైనస్ 78 దగ్గరున్న కెమెరా అదే వాటాను చాలా తక్కువ వేగంతో, పోయినదాన్ని మళ్లీ మళ్లీ పంపుకుంటూ, ఎంతోసేపు గాలిని ఆక్రమిస్తుంది. అందుకే చివర పెరట్లో కొత్త కెమెరా పెట్టగానే ముందు వాకిలి కెమెరా కూడా నత్తనడక పడుతుంది. ఆ కొత్త కెమెరాను కాసేపు ఆపి చూస్తే తేలిపోతుంది.

వైఫైని అందుకుని ముందుకు పంపే రిపీటర్ పెట్టేట్లయితే కెమెరా పక్కన పెట్టకండి, అక్కడ దానికే సిగ్నల్ ఉండదు. రౌటర్‌కూ కెమెరాకూ మధ్యలో పెట్టాలి. ఒకే బ్యాండ్ మీద వినడమూ చెప్పడమూ చేసే రిపీటర్ వేగాన్ని సగం చేస్తుంది. కేబుల్ లాగగలిగితే ఇవేవీ అక్కర్లేదు. ఎక్కడికీ కదలని కెమెరాకు తీగను మించిన దారి లేదన్నది మా గట్టి అభిప్రాయం.

పింగ్‌తో నిర్ధారణ

రౌటర్‌కు కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, కెమెరా ఐపీ చిరునామా (ఇంటి నెట్‌వర్క్‌లో దానికున్న అంకె) ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.50 లాంటిది. పింగ్‌లు వందకు తగ్గకుండా పంపించండి, మామూలుగా వెళ్లే నాలుగింటితో ఏమీ తెలియదు. జవాబులు 2 నుంచి 10 మిల్లీసెకన్ల మధ్య వస్తూ ఒక్కటీ పోకపోతే ఇంట్లో దారి శుభ్రంగా ఉంది. నూటికి రెండు మూడు పోతున్నా, ఒకటి 5, ఇంకోటి 400 అంటూ ఎగుడుదిగుడుగా వస్తున్నా లోపం కెమెరాకూ రౌటర్‌కూ మధ్యే. కాసేపు బాగా వచ్చి, నిమిషం పాటు అసలు జవాబే లేకుండా పోయి, మళ్లీ వస్తే కెమెరా రీస్టార్ట్ అవుతోంది, కరెంటు భాగానికి తిరిగి వెళ్లండి. కొన్ని కెమెరాలు పింగ్‌కు అసలు జవాబివ్వవు, అప్పుడు రౌటర్ పేజీలో అది ఎంతసేపటి నుంచి కలిసి ఉందో చూడండి.

రెండు పరికరాలకు ఒకే ఐపీ పడినా కెమెరా వచ్చిపోతూ ఉంటుంది. రౌటర్‌లో ప్రతి కెమెరాకూ ఒక ఐపీ కేటాయించి స్థిరం చేస్తే ఈ తంటా ఉండదు.

అప్‌లోడ్ లెక్క

నెట్ ప్లాన్ చెప్పుకునే 100 ఎంబీపీఎస్ సాధారణంగా డౌన్‌లోడ్. కెమెరా బొమ్మ ఇంట్లోంచి బయటికి వెళ్లాలి, అంటే కావలసింది అప్‌లోడ్. కొన్ని లైన్లలో అది డౌన్‌లోడ్‌లో పదో వంతే ఉంటుంది. స్పీడ్ టెస్ట్ చేసి రెండో అంకె చూడండి. అదీ తీరిక వేళ కాదు, బొమ్మ ఆగుతున్న వేళలోనే చేయండి.

హెచ్.264, హెచ్.265 అనేవి వీడియోను కుదించే పద్ధతులు. 1080పీ కెమెరా హెచ్.264లో సుమారు 2 నుంచి 4 ఎంబీపీఎస్, 4కే కెమెరా హెచ్.265లో కూడా సుమారు 4 నుంచి 8 తీసుకుంటాయి. నాలుగు 1080పీ కెమెరాలను బయటి నుంచి ఒకేసారి పూర్తి నాణ్యతలో చూడాలంటే 8 నుంచి 16 కావాలి. అప్‌లోడ్ 10 ఉన్న ఇంట్లో అది కుదరదు, ఎన్ని రీసెట్‌లు చేసినా కుదరదు. అప్‌లోడ్‌లో కనీసం మూడో వంతు ఖాళీ ఉంచండి. పూర్తిగా నిండితే రౌటర్‌లో వరస పెరిగి ప్రతి ప్యాకెట్టూ ఆలస్యమవుతుంది, వెబ్ పేజీలు కూడా తెరుచుకోవు.

ఒక అపోహ కూడా తీరాలి. ఇంట్లోని ఎన్‌వీఆర్‌లోనో (కెమెరాల వీడియో దాచే పెట్టె) మెమరీ కార్డులోనో రికార్డు చేస్తే అప్‌లోడ్ ఖర్చు కాదు, మీరు బయటి నుంచి చూస్తున్నంతసేపే అవుతుంది. క్లౌడ్‌లో ఇరవైనాలుగు గంటలూ రికార్డు పెట్టుకుంటే మాత్రం ప్రతి కెమెరా రోజంతా అప్‌లోడ్‌ను వాడుతూనే ఉంటుంది. వాటితోపాటు ఫోన్లలోని ఫొటోల బ్యాకప్ రాత్రి ఛార్జింగ్ పెట్టగానే మొదలవుతుంది. రాత్రుళ్లే ఆగుతోందంటే దాన్ని ఒక రోజు ఆపి చూడండి.

కెమెరా లోపలి సెట్టింగులు

ప్రతి మంచి కెమెరాకూ రెండు ధారలు ఉంటాయి. మెయిన్ స్ట్రీమ్ రికార్డింగ్‌కు, సబ్ స్ట్రీమ్ ఫోన్‌లో చూడటానికి. ఫోన్ తెర మీద నాలుగు గళ్లలో నాలుగు కెమెరాలు చూస్తూ మెయిన్ స్ట్రీమ్ అడగడం వృథా. యాప్‌లో హెచ్‌డీ అన్నచోట ఎస్‌డీ, లేదా స్మూత్ ఎంచుకోండి. ఆ తర్వాత కెమెరా పేజీలో సబ్ స్ట్రీమ్‌ను 640×360 లేదా దానికి దగ్గర సైజు, సెకనుకు 15 ఫ్రేములు, 512 కేబీపీఎస్ దగ్గర పెట్టండి. మనిషి ముఖం గుర్తుపట్టాల్సి వచ్చినప్పుడు ఒక్క కెమెరాను మాత్రమే హెచ్‌డీకి మార్చుకోవచ్చు.

లైవ్ మొదలవడానికే నాలుగైదు సెకన్లు పట్టి, మొదలయ్యాక నిలకడగా నడుస్తుంటే నెట్‌ను అనుమానించకండి. ఐ ఫ్రేమ్ ఇంటర్వల్ చూడండి. వీడియోలో పూర్తి బొమ్మ అప్పుడప్పుడే వస్తుంది, దాన్నే ఐ ఫ్రేమ్ అంటారు. మధ్యలో వచ్చేవన్నీ ముందు బొమ్మతో పోలిస్తే మారిన భాగాలే. మీరు తెరిచిన క్షణంలో పూర్తి బొమ్మ వచ్చే వరకూ ఫోన్‌కు చూపించడానికి ఏమీ ఉండదు. సెకనుకు 15 ఫ్రేములు, ఇంటర్వల్ 60 అంటే పూర్తి బొమ్మ 4 సెకన్లకోసారి. దాన్ని 30 చేస్తే 2 సెకన్లు. హెచ్.265 ప్లస్, స్మార్ట్ కోడెక్ లాంటి పేర్లతో ఉండే పొదుపు పద్ధతులు ఈ దూరాన్ని ఇంకా పెంచేస్తాయి. లైవ్ తొందరగా తెరుచుకోవాలంటే సబ్ స్ట్రీమ్‌కు వాటిని ఆపేయండి.

శబ్దం వస్తూ బొమ్మ నల్లగా ఉంటే ఆ బ్రౌజర్ లేదా పాత ఫోన్ హెచ్.265ను విప్పలేకపోతోంది. సబ్ స్ట్రీమ్‌ను హెచ్.264కు మార్చితే సరి.

రాత్రి బిట్‌రేట్ పెరగడానికి ఇంకో కారణం ఉంది. వెలుగు తక్కువైనప్పుడు బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు కదులుతుంటాయి. కెమెరా వాటిని కూడా కదలికే అనుకుని ప్రతి ఫ్రేములోనూ మోసుకొస్తుంది. లెన్స్ ముందు సాలెగూడు ఉంటే ఐఆర్ వెలుగుకు అది తెల్లగా మెరిసి, గాలికి ఊగి, మొత్తం బొమ్మను కదిలిస్తుంది. మెత్తటి పొడిగుడ్డతో నెలకోసారి తుడవండి. వేరియబుల్ బిట్‌రేట్ ఉంటే గరిష్ఠ పరిమితి పెట్టండి, రాత్రి షట్టర్, ఆ చుక్కలను తగ్గించే నాయిస్ రిడక్షన్ సెట్టింగులు కూడా ఇక్కడ పనికొస్తాయి.

బయటి నుంచి మాత్రమే రాకపోతే

యాప్ సాధారణంగా మీ ఫోన్‌కూ కెమెరాకూ నేరుగా దారి కలపడానికి ప్రయత్నిస్తుంది. అది కుదరకపోతే కంపెనీ రిలే సర్వర్ మీదుగా పంపుతుంది. అది నెమ్మది, చాలాచోట్ల వేగానికి పరిమితి కూడా ఉంటుంది. నేరు దారి ఎందుకు కుదరదో తెలుసుకోవడానికి రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రౌటర్‌కున్న చిరునామా) చూడండి. అది 10తో గానీ, 192.168తో గానీ, 172.16 నుంచి 172.31 మధ్య గానీ, 100.64 నుంచి 100.127 మధ్య గానీ మొదలైతే మీకు సొంత పబ్లిక్ చిరునామా లేదు. నెట్ కంపెనీ ఎందరినో ఒకే చిరునామా వెనక ఉంచింది, లేదా మీ రౌటర్ ముందు ఇంకో రౌటర్ ఉంది. రెండోదైతే ముందున్నదాన్ని బ్రిడ్జ్ పద్ధతిలోకి (రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను మాత్రం అందించేలా) మార్చండి. మొదటిదైతే పబ్లిక్ ఐపీ గానీ, కొత్త తరం చిరునామా అయిన ఐపీవీ6 గానీ ఇవ్వమని నెట్ కంపెనీని అడగండి.

పోర్ట్ ఫార్వర్డింగ్‌తో (బయటివాళ్లు కెమెరాను చేరేలా రౌటర్‌లో తలుపు తెరవడం) కెమెరాను నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లను (వీడియో రికార్డర్లు) పెద్ద ఎత్తున పట్టుకుని, వాటితోనే ఆ ఏడాది అక్టోబరులో డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ (వెబ్‌సైట్ పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పేది) మీద దాడి చేసింది. అలా పట్టుబడిన కెమెరా యజమానికి పైకి కనిపించేది లైవ్ నెమ్మదించడమే. ఎవరూ చూడకపోయినా అప్‌లోడ్ నిండుగా ఉంటే కెమెరాల తీగలు ఒక్కొక్కటిగా తీసి చూడండి. అలాంటిది దొరికితే ఇంటర్నెట్ నుంచి వేరు చేసి, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది వేసి, పాస్‌వర్డ్ మార్చాకే తిరిగి కలపండి.

ఫోన్ వైపు

ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి యాప్‌కు లోకల్ నెట్‌వర్క్ అనుమతి విడిగా ఇవ్వాలి. అది ఇవ్వకపోతే ఇంట్లో ఉన్నా బొమ్మ నేరుగా రాదు. ఫోన్‌లో వీపీఎన్, డేటా సేవర్, బ్యాటరీ సేవర్ ఆపి చూడండి. కెమెరాను ఒకేసారి ఎంతమంది చూడొచ్చో దానికో పరిమితి ఉంటుంది. ఇంట్లో టీవీ మీద, పాత ట్యాబ్‌లో లైవ్ తెరిచి వదిలేస్తే బయటున్నవాళ్లకు చోటు దొరకదు. బ్యాటరీ కెమెరాలు నిద్రలోంచి లేచి బొమ్మ ఇవ్వడానికి కొన్ని సెకన్లు తీసుకుంటాయి. అది లోపం కాదు, దాన్ని తగ్గించే సెట్టింగు కూడా సాధారణంగా ఉండదు. మామూలు కెమెరాలకైనా ఒకటి రెండు సెకన్ల ఆలస్యం సహజమే.

మెమరీ కార్డు, గడియారం, ఆఖరున రీసెట్

ఇంతదాకా ఏదీ దొరకకపోతే కెమెరాలోంచి మెమరీ కార్డు తీసేసి ఒక రోజు నడపండి. చెడిపోతున్న కార్డు మీద రాయలేక కెమెరా ఇరుక్కుపోతుంది, దాంతో లైవ్ కూడా ఆగుతుంది. కార్డు లేకుండా బాగుంటే నిరంతర రికార్డింగ్‌కు తట్టుకునే హై ఎండ్యూరెన్స్ కార్డు కొని, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కెమెరా గడియారం తప్పుగా ఉంటే సర్వర్‌తో భద్రమైన కనెక్షన్ కుదరదు, ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకునే ఎన్‌టీపీని ఆన్ చేయండి. ఎర్రటి ఎండలో మధ్యాహ్నాలే ఆగుతుంటే వేడి కారణం కావచ్చు, చిన్న నీడ రేకు పెట్టండి. బయటి జాక్ విప్పి లోపలి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడండి. ఉంటే ఆ కొస కత్తిరించి కొత్త జాక్ వేసి, నీరు దిగని మూత బిగించండి, కెమెరాకు ముందు కేబుల్‌ను కిందికి వంపు తిప్పండి. వాన నీరు ఆ వంపు నుంచి కారిపోతుంది, జాక్‌లోకి ఎక్కదు.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసేటప్పుడు కరెంటు పోకుండా చూసుకోండి, మధ్యలో ఆగితే కెమెరా తిరిగి లేవకపోవచ్చు. ఆ తర్వాత కూడా మారకపోతే, అప్పుడు రీసెట్. ముందుగా సెట్టింగుల పేజీలన్నీ ఫొటో తీసి ఉంచుకోండి. కెమెరా నడుస్తుండగా రీసెట్ బటన్‌ను, దాని పుస్తకంలో చెప్పినంతసేపు, సాధారణంగా పది సెకన్ల పైనే నొక్కి పట్టాలి. రీసెట్ అయిన కెమెరాను రౌటర్‌కు రెండు మీటర్లలో, మంచిదని తెలిసిన అడాప్టర్‌తో, కార్డు లేకుండా, సబ్ స్ట్రీమ్ మీద గంటసేపు నడపండి. అక్కడా ఆగితే దాని లోపలి వైఫై భాగమో బోర్డో పోయినట్టే. వారంటీ ఉంటే మార్పించుకోండి, లేకపోతే కొత్తది తెచ్చుకోండి.